బొజ్జన్నకొండ, తొట్లకొండ ఒకే రోజులో చూడవచ్చా?

సీతమ్మధారవాసి:

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం రాజమహేంద్రవరం నుంచి మా అక్కగారి కుటుంబం వస్తోంది. ప్రతిసారీ కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి, ఆర్కే బీచి చూపించి పంపించేస్తున్నాము కాబట్టి ఈసారి మన చుట్టుపక్కల ఉన్న బౌద్ధ క్షేత్రాలకు తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను. ఉదయం అనకాపల్లి దగ్గర శంకరం గ్రామంలోని బొజ్జన్నకొండ, లింగాలకొండ చూసుకుని, మధ్యాహ్నం భోజనం చేసి, సాయంత్రానికి తొట్లకొండ, వీలైతే బావికొండ కూడా ముగించుకోవాలన్నది నా ఆలోచన. సొంత కారు ఉంది. మాతో పాటు మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారు, ఎనిమిదో తరగతి, ఐదో తరగతి చదువుతున్న పిల్లలు వస్తారు. "విరిగిన ఇటుక గోడలు చూడడానికి అంత దూరం దేనికి, దానికన్నా అరకు పోదాం" అని మా బావగారు ఫోనులోనే పెదవి విరిచారు. ఈ ప్రణాళిక సాధ్యమేనా? సాధ్యమైతే ఏది ముందు, ఏది తరువాత? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

శారదానది ఒడ్డు:

సీతమ్మధారవాసి గారూ, సాధ్యమే, కానీ చేయవద్దు అన్నది నా సలహా. మాది అనకాపల్లి. మీరు చెప్పిన రెండు చోట్లూ నగరానికి చెరొక వైపున ఉన్నాయి. శంకరం విశాఖకు నైరుతి దిక్కున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంటే, తొట్లకొండ భీమిలి వెళ్లే సముద్రతీర దారిలో సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆదివారం నాడు గాజువాక మీదుగా వెళ్లి, మళ్లీ గాజువాక మీదుగానే నగరంలోకి వచ్చి, అక్కడి నుంచి రుషికొండ రద్దీలో పడి తొట్లకొండ చేరేసరికి పిల్లలు కారులో నిద్రపోయి ఉంటారు, పెద్దవారు దిగడానికి ఇష్టపడరు.

బొజ్జన్నకొండను మాత్రం ఉదయం పూట తీరికగా చూడండి. మెట్లు ఎక్కి వెళితే ఎదురయ్యే పెద్ద గుహ దగ్గర చాలామంది ఒక ఫోటో తీసుకుని పైకి వెళ్లిపోతారు, అసలు పని అక్కడే ఉంది. ద్వారానికి రెండు వైపులా ద్వారపాలకులు ఉంటారు, పైన కూర్చున్న భంగిమలో బుద్ధుడు కనిపిస్తాడు. లోపలికి వెళితే పదహారు స్తంభాల మండపం, దాని నట్టనడుమ చతురస్రపు అరుగు మీద ఒక స్తూపం, స్తూపం చుట్టూ ప్రదక్షిణకు దారి ఉంటాయి. ఆ స్తూపాన్ని ఎవరూ ఎక్కడి నుంచో తెచ్చి పెట్టలేదు. కొండను తొలుచుకుంటూ లోపలికి వెళ్లిన శిల్పులు స్తంభాలకూ స్తూపానికీ కావలసిన రాతిని మాత్రం వదిలిపెట్టి, మిగిలినదంతా చెక్కి బయట పారబోశారు. స్తంభం నేలను కలిసే చోట కూర్చుని చూడండి, అతుకు కనిపించదు. నేల, స్తంభం, కప్పు, స్తూపం అన్నీ ఒకటే రాయి. ఎక్కడైనా ఒక్క దెబ్బ ఎక్కువ పడితే దాన్ని తిరిగి అతికించే వీలు లేని పని అది. కొన్ని స్తంభాలు విరిగిపోయాయి కానీ మండపం రూపం చెదరలేదు.

పై అంతస్తులోని గుహలో బుద్ధ ప్రతిమలు ఉన్నాయి. ఇంకా పైకి వెళితే పెద్ద స్తూపం వస్తుంది. దాని అడుగు భాగం కొండరాతినే చెక్కి మలచినది, పై భాగం ఇటుకతో కట్టినది. చుట్టూ చిన్న చిన్న స్తూపాలు, భిక్షువుల గదుల పునాదులు కనిపిస్తాయి. అక్కడి నుంచి కిందికి చూస్తే చుట్టూ పొలాలు. మీ బావగారు అక్కడికి వచ్చాక కూడా అరకు మాట ఎత్తితే అప్పుడు ఆలోచిద్దాము.

నాలుగు చక్రాలు:

శారదానది ఒడ్డు గారితో గౌరవంగానే విభేదిస్తున్నాను. తిరుగు ప్రయాణం గాజువాక మీదుగానే చేయాలన్న నియమం ఏమీ లేదు. అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి పక్కగా ఆనందపురం వరకు ఆరు వరుసల జాతీయ రహదారి ఉంది, పొడవు సుమారు 51 కిలోమీటర్లు. ఆనందపురం నుంచి మధురవాడ వైపు వచ్చి రుషికొండ దగ్గర సముద్రతీర దారిని అందుకుంటే నగరం నడిబొడ్డును తాకనవసరమే లేదు. ఉదయం ఆరు గంటలకు బయలుదేరి, పదకొండు లోపల శంకరం ముగించుకుని, అనకాపల్లిలోనే భోజనం చేసి రెండు గంటలకు కదిలితే, ఎండ తగ్గే సమయానికి తొట్లకొండ మీద ఉండవచ్చు. దూరం పెరిగినా దారి సాఫీగా ఉంటుంది. బావికొండను మాత్రం వదిలేయండి.

లంకెలపాలెం:

దారి గురించి నాలుగు చక్రాలు గారు చెప్పింది సరైనదే. అయితే మనుషుల ఓపిక కూడా లెక్కలోకి రావాలి. ఉత్తరాంధ్ర ఎండ జనవరిలో కూడా పది గంటలకే చురుక్కుమంటుంది, కొండ మీద బండరాయి వేడెక్కిందంటే పైనుంచి ఎండ, కింది నుంచి సెగ. తలకు టోపీ, మనిషికి ఒక లీటరు తగ్గకుండా నీళ్లు, జారని అడుగున్న చెప్పులు ఉండాలి. ఉదయం పలహారం ఇంటి నుంచే తీసుకువెళ్లి కొండ ఎక్కకముందే తినేయండి. స్తూపాల మధ్య కూర్చుని పులిహోర పొట్లాలు విప్పేవారిని చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. అమ్మగారి మోకాళ్ల సంగతి ఆలోచిస్తే రెండు కొండలు ఒకే రోజు అన్నది ఆమెకు శిక్షే.

సీతమ్మధారవాసి:

అందరికీ ధన్యవాదాలు. తొట్లకొండ మీదికి కారు వెళుతుంది కదా, అక్కడ అమ్మకు ఇబ్బంది ఉండదని అనుకున్నాను. ఇంకొక సందేహం. మా అక్క కొడుకు "ఇవన్నీ అశోకుడు కట్టించినవేనా" అని అడిగాడు. అవునని చెప్పవచ్చా?

పాత నాణెం:

చెప్పవద్దు. మన దగ్గర ఏ బౌద్ధ స్థలం కనిపించినా అశోకుడి ఖాతాలో వేసే అలవాటు ఉంది. శంకరం గుహలకు పురావస్తు శాఖ చెబుతున్న కాలం క్రీ.శ. 4 నుంచి 9వ శతాబ్దం వరకు. అంటే అశోకుడు గతించిన తరువాత అయిదారు వందల ఏళ్లకు గానీ ఈ పని మొదలు కాలేదు. 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ అనే అధికారి ఇక్కడ తవ్వకాలు ప్రారంభించి రెండేళ్ల పాటు సాగించారు. అప్పుడు దొరికిన వాటిలో సముద్రగుప్తుని బంగారు నాణెం ఉంది, తూర్పు చాళుక్య వంశాన్ని వేంగిలో స్థాపించిన కుబ్జ విష్ణువర్ధనుని రాగి నాణేలు ఉన్నాయి. ఒకటి నాలుగో శతాబ్దపు రాజుది, మరొకటి ఏడో శతాబ్దపు రాజుది. పిల్లవాడికి ఇదే చెప్పండి. కొండకు వయసు కట్టడంలో అక్కడ ఎవరి చేతిలోంచో జారిపోయిన చిల్లర ఎంత సాయం చేస్తుందో వాడికి అర్థమవుతుంది.

తొట్లకొండ కథ వేరు. అది క్రీ.పూ. 3వ శతాబ్దం నుంచి క్రీ.శ. 3వ శతాబ్దం వరకు వెలిగిన హీనయాన, అంటే తొలినాటి బౌద్ధ శాఖ, కేంద్రం. 1970లలో నౌకాదళం స్థావరం కోసం విమానంలో సర్వే చేస్తున్నప్పుడు ఈ శిథిలాలు బయటపడ్డాయి. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1992 వరకు తవ్వింది. శాతవాహనుల సీసపు నాణేలు, రోమను వెండి నాణేలు, బ్రాహ్మీ శాసనాలు దొరికాయి. సముద్రానికి ఎదురుగా ఉన్న కొండ మీద రోమను నాణెం దొరకడంలో వింత ఏమీ లేదు. భిక్షువులకు దానం ఇచ్చేవారిలో ఓడల మీద సరుకు పంపే వర్తకులు ఉండేవారు.

నేను రెండింటినీ ఒకే రోజులో కుక్కవద్దని అనడానికి కారణం దూరం కాదు. తొట్లకొండ మీద మీకు చెక్కిన బుద్ధ విగ్రహాలు కనిపించవు. ఆ కాలపు ఆరాధన స్తూపానికి, పాదముద్రలకు, చిహ్నాలకు చెందినది. శంకరం వచ్చేసరికి ఆరాధన తరువాతి శాఖ అయిన మహాయానంలోకి, ఆపైన తాంత్రిక పద్ధతుల వజ్రయానంలోకి నడిచింది, బుద్ధుడు ద్వారం పైన, గూటిలో, గోడ మీద రూపంతో కూర్చున్నాడు. తొట్లకొండ ఖాళీ అయిన కాలానికి కాస్త అటూ ఇటూగా శంకరం ఊపందుకుంది. ఆ మార్పును గమనించాలంటే ముందు తొట్లకొండను తీరికగా చూసి, దాన్ని మనసులో ఉంచుకుని మరొక రోజు శంకరం వెళ్లాలి. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చూస్తే మధ్యాహ్నం తిన్న భోజనం ఒక్కటే గుర్తుంటుంది.

నాలుగు చక్రాలు:

వాదన బాగుంది కానీ, రాజమహేంద్రవరం నుంచి వచ్చినవారికి రెండో ఆదివారం ఎక్కడి నుంచి వస్తుంది? చుట్టాలకు దొరికేది ఒక్క రోజే. సగం సగమైనా రెండూ చూడడం, ఏదీ చూడకపోవడం కన్నా నయం.

పాత నాణెం:

అలాగైతే ఒక్కటే చూపించండి. ఏది అని అడిగితే శంకరమే అంటాను, ఎందుకంటే ఇటుక గోడలని ఇప్పటికే పెదవి విరుస్తున్న మనిషిని ముందుగా తొట్లకొండకు తీసుకువెళ్లడం వ్యూహపరంగా మంచిది కాదు.

మంగమారిపేట:

మా ఊరి కొండను ఇంత తేలికగా పక్కన పెడుతున్నారు కనుక నేను కలగజేసుకోవలసి వస్తోంది. తొట్లకొండ మీద ఉన్నవి పునాదులే, కాదనను. కానీ ఆ పునాదులను చదవడం తెలిస్తే అంత నిండైన ఊరు మరొకటి కనిపించదు. మహాస్తూపం, గజపృష్ఠాకారంలో, అంటే ఏనుగు వీపులా ఒక చివర గుండ్రంగా ఉన్న చైత్యగృహాలు (ప్రార్థన మందిరాలు), భిక్షువులు నివసించే వరుస గదుల విహారాలు, స్తంభాల మండపం, వంటశాల, భోజనశాల అన్నీ ఒకదానికొకటి ఎంత దూరంలో ఉండాలో ఆలోచించి కట్టినవి. కొండకు పేరు తెచ్చిన నీటి తొట్ల దగ్గర కొంతసేపు నిలబడండి. కొండ నెత్తిన ఊట లేదు, వాగు లేదు. వాన నీటిని వాలు మీదుగా రాతిలో తొలిచిన తొట్లలోకి మళ్లించి, ఏడాది పొడవునా వాడుకున్నారు. వానాకాలంలో మూడు నెలల పాటు భిక్షువులు సంచారం మాని ఒకచోట ఉండాలన్నది సంఘ నియమం. ఆ వానాకాలపు నీటినే దాచుకుని మిగిలిన నెలలు గడిపారన్నమాట. ట్యాంకర్ల కోసం ఎదురుచూసే మన అపార్టుమెంటు సంఘాలను ఒకసారి అక్కడికి తీసుకువెళ్లాలని నాకు ఎప్పటి నుంచో కోరిక.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. 2019 అక్టోబరు వానలకు మహాస్తూపంలో కొంత భాగం కూలిపోయింది. తరువాత బాగు చేశారు. ఇప్పుడు మీరు చూసే స్తూపం ఆకారంలో ఎంత పాతది, ఎంత ఈ కాలపు చేతిపని అన్నది పిల్లలకు చెప్పే చూపించాలి.

చాక్‌పీసు:

ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను కాబట్టి పిల్లల గురించి రెండు మాటలు. పిల్లలకు విసుగు పుట్టేది శిథిలాల వల్ల కాదు, పెద్దలు తేదీలు వల్లించడం వల్ల. తొట్లకొండ మీద మా పిల్లలకు ఒకటే పని ఇస్తాను. వాన చినుకు కొండ మీద పడినప్పటి నుంచి భిక్షువు పాత్రలోకి చేరేదాకా ఏ దారిన వెళ్లిందో వెతికి గీయమంటాను. వాలు ఎటు ఉందో, తొట్టి ఎక్కడ ఉందో, వంటశాల దానికి ఎంత దూరమో వాళ్లే అడుగులతో కొలుస్తారు. శంకరంలో అయితే ఏది చెక్కినది, ఏది కట్టినది అని విడదీయమంటాను. పెద్ద స్తూపం దగ్గర రాయి ఎక్కడ ఆగి ఇటుక ఎక్కడ మొదలైందో చూపించమంటే ఐదో తరగతి పిల్ల కూడా గంటసేపు కదలదు. ఎనిమిదో తరగతి వాడికి మాత్రం శిల్పులు పైనుంచి కిందికి చెక్కారా, కింది నుంచి పైకా అన్న ప్రశ్న వేసి, జవాబు మీరు చెప్పకుండా ఉండండి.

లంకెలపాలెం:

లింగాలకొండ గురించి ఎవరూ చెప్పలేదు.

శారదానది ఒడ్డు:

నిజమే, చెప్పవలసినది. బొజ్జన్నకొండ తూర్పున ఉంటే లింగాలకొండ పడమరన, నడిచి వెళ్లేంత దగ్గరలో ఉంది. కొండ శిఖరం పొడవునా రాతిని తొలిచిన స్తూపాలు వరుసలు వరుసలుగా, అంచెలంచెలుగా ఉంటాయి. గుండ్రంగా పైకి లేచిన ఆ స్తూపాలను చూసి ఊరివారు లింగాలనుకున్నారు. ఒక్కొక్కటీ ఎవరో ఒకరి మొక్కుబడి అయి ఉండాలి. మనిషి ఎత్తున్నవి ఉన్నాయి, మోకాలి ఎత్తువీ ఉన్నాయి. పెద్దవి చెక్కించగలిగినవారి పక్కనే చిన్నవి చెక్కించినవారికీ చోటు దొరికింది. చాలామంది బొజ్జన్నకొండ దిగి నేరుగా కారెక్కుతారు. నన్ను అడిగితే, అలసట వల్ల ఏదైనా తగ్గించుకోవాలంటే పై గుహను వదిలి అయినా లింగాలకొండకు వెళ్లండి. ఇక్కడి కొండల్లో ఎక్కువగా ఉండే ఖోండలైటు రాయి గాలికి, వానకు త్వరగా అరిగిపోతుంది. కోణార్క ఆలయానికి వాడినదీ ఆ జాతి రాయే, అక్కడి శిల్పాలు ఎంత అరిగాయో చూసినవారికి తెలుసు. ఆరుబయట నిలబడిన ఈ స్తూపాలను చూడడానికి వాయిదాలు వేయకూడదు.

నాలుగు చక్రాలు:

సంక్రాంతి సెలవుల్లో, కనుమ నాడు శంకరంలో పెద్ద తీర్థం (జాతర) జరుగుతుందని విన్నాను. ఆ రోజు వెళితే సందడిగా ఉంటుంది కదా?

శారదానది ఒడ్డు:

తీర్థం జరుగుతుంది, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం విపరీతంగా వస్తారు. కానీ ఆ తీర్థానికి ఒక చేదు వైపు ఉంది. కొండ మీద బొజ్జ ఆకారంలో ఉన్న రాతి రూపాన్ని రాక్షసుడిగా భావించి, కనుమ నాడు రాళ్లు రువ్వే ఆచారం ఎన్నో ఏళ్లు సాగింది. రువ్వేవారికి బుద్ధుడి మీద ద్వేషం ఏమీ లేదు, అది బౌద్ధ క్షేత్రమన్న స్మృతే ఊళ్లో మాసిపోయింది. వారసత్వ ప్రియులు, పురావస్తు శాఖ, పోలీసులు గట్టిగా పట్టుబట్టడంతో ఇటీవలి కాలంలో అది ఆగింది. రక్షిత కట్టడానికి నష్టం కలిగిస్తే రెండేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చని 2010లో సవరించిన చట్టం చెబుతోంది. తీర్థం చూడాలంటే కనుమ నాడు వెళ్లండి. శిల్పం చూడాలంటే వద్దు.

మంగమారిపేట:

ఆచారం అని ఊరివారిని మాత్రమే అంటే సరిపోదు. స్తంభాల మీద మేకుతో పేర్లు గీసేవారు పల్లెల నుంచి వచ్చినవారు కారు. తొట్లకొండ మీద ఇటుక గోడ ఎక్కి నిలబడి పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకునేవారు నగరం నుంచే వస్తున్నారు.

పాత నాణెం:

పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రాయి రువ్వినవాడు కనీసం ఎదుట ఉన్నది ఏదో శక్తి అనుకుని రువ్వాడు. పేరు చెక్కినవాడికి ఎదుట ఉన్నది పలక.

సీతమ్మధారవాసి:

మీ అందరి మాటలూ విన్నాక నిర్ణయం మార్చుకున్నాను. ఆదివారం శంకరం మాత్రమే వెళతాము, బొజ్జన్నకొండ, లింగాలకొండ రెండూ చూస్తాము. తొట్లకొండకు మా పిల్లలను వేరొక సాయంత్రం నేనే తీసుకువెళతాను. చాక్‌పీసు గారి ప్రశ్నలు మా అక్కకు ముందుగానే పంపించాను, బావగారికి మాత్రం పంపలేదు. చివరగా అమ్మగారి సంగతి చెప్పండి. ఆమె మెట్లు పూర్తిగా ఎక్కలేకపోతే ఏమి చేయాలి?

లంకెలపాలెం:

బలవంతం చేయవద్దు. కొండ పాదం దగ్గర హారీతి విగ్రహం ఉంది. పిల్లలను కాపాడే తల్లిగా బౌద్ధులు కొలిచిన దేవత ఆమె. అమ్మగారిని మొదట అక్కడికి తీసుకువెళ్లి ఆ కథ చెప్పండి. తరువాత ఆగి ఆగి పెద్ద గుహ వరకు ఎక్కగలిగితే చాలు, ముఖ్యమైనది చూసినట్టే. పై అంతస్తుకు వద్దు. మీలో ఒకరు ఆమెతో గుహ దగ్గరే ఉండి, మిగిలినవారు పైకి వెళ్లి వచ్చాక మారండి. దిగేటప్పుడే మోకాళ్ల మీద భారం ఎక్కువ పడుతుంది కాబట్టి చేతికర్ర తప్పకుండా తీసుకురండి.

శారదానది ఒడ్డు:

కారును ఊరి ఇరుకు సందుల్లో కాకుండా కొండ దగ్గరి ఖాళీ జాగాలో ఆపుకోండి. ఎనిమిది గంటల లోపల చేరితే లింగాలకొండకు కూడా ఎండ ముదరకముందే నడవవచ్చు. ఈ కాలంలో అనకాపల్లి మార్కెట్‌కు కొత్త బెల్లం వస్తూ ఉంటుంది. తిరిగి వెళ్లేటప్పుడు బావగారి కోసం ఒక దిమ్మ తీసుకోండి, అరకు వెళ్లలేదన్న బెంగ కొంత తగ్గుతుంది.